రెండు మిల్లీమీటర్లా, మూడా: క్రాలర్ ఛాసిస్‌లో మందం నిజంగా చేసే పని

ఇంట్లోనే రిమోట్ కంట్రోల్ క్రాలర్ (రాళ్లూ గుట్టలూ నెమ్మదిగా ఎక్కే చిన్న బండి) కట్టుకోవాలనుకునేవారికి మోటారు, గేర్‌బాక్స్, ఇరుసులు, టైర్లు సమకూర్చుకునేదాకా పెద్ద సందేహాలు రావు. వాటి కొలతలు తయారుచేసినవారే తేల్చి ఉంటారు. తర్జనభర్జన వీటన్నిటినీ మోసే చట్రం, అంటే ఛాసిస్ దగ్గర మొదలవుతుంది, అదీ ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: రేకు ఎంత మందం ఉండాలి? 1/10 స్కేలు (అసలు వాహనంలో పదో వంతు) బండికి 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీసుకోమని అనుభవం ఉన్నవారు తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబులో తప్పు లేదు. దానికి చెప్పే కారణమే సరైనది కాదు. అంతకంటే పలచటి రేకైతే బండి బరువుకు వంగిపోతుందన్నది చాలావరకు అపోహ. లెక్క వేసి చూస్తే బరువు మోయడానికి అందులో సగం మందం కూడా చాలు. 3 మి.మీ. అవసరం వేరే చోట నుంచి వస్తుంది. అది ఎక్కడో తెలిస్తే, ఏ బండికి ఆ మందం తప్పనిసరో, ఏ బండికి అది దండగో ఎవరికివారే తేల్చుకోవచ్చు.

పరచిన రేకు, నిలబెట్టిన రేకు

ముందు బరువు సంగతి. ఒక మాదిరి 1/10 క్రాలర్ బ్యాటరీ, బాడీ అన్నీ కలుపుకొని 3 కిలోలు తూగుతుందనుకుందాం. అంటే 30 న్యూటన్లు. రాయి మీద నుంచి ధభీమని కిందపడినప్పుడు అది ఐదు రెట్లవుతుందని ఉదారంగానే లెక్కకడితే 150 న్యూటన్లు. ఛాసిస్ పొడవునా రెండు వైపులా ఉండే పక్కపట్టెల మీద పడాల్సిన ఈ భారమంతా ఒక్కదాని మీదే, అదీ సరిగ్గా నడిమధ్యన పడిందనీ, ఆధారాల మధ్య దూరం 250 మి.మీ. అనీ అనుకుందాం. ఇంతకంటే అన్యాయమైన పరీక్ష పెట్టడం కష్టం.

పట్టె 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం బద్ద. దాన్ని అంచు మీద నిలబెడితే లోహంలో పుట్టే ఒత్తిడి 30 మెగాపాస్కల్స్. నడుమ దిగేది మిల్లీమీటరులో ఐదో వంతు కంటే తక్కువ. మామూలు 6061-టి6 రకం అల్యూమినియం మిశ్రలోహం శాశ్వతంగా వంగాలంటే ఒత్తిడి 276 మెగాపాస్కల్స్ దాకా వెళ్లాలి. మందాన్ని సగం చేసి 1.5 మి.మీ. పెట్టినా ఒత్తిడి 60 దగ్గరే ఆగిపోతుంది. ఇదే 3 మి.మీ. బద్దను పడుకోబెట్టి అదే భారం వేస్తే కథ మారిపోతుంది. ఒత్తిడి 250కి ఎగబాకుతుంది, నడుమ 12 మి.మీ.కు పైగా దిగుతుంది. 193 మెగాపాస్కల్స్ దగ్గరే లొంగిపోయే 5052-హెచ్32 రకం అల్యూమినియం రేకు అయితే వంగి అలాగే ఉండిపోతుంది. లోహం మారలేదు, బరువు మారలేదు, మందమూ మారలేదు. మారింది పలకను నిలిపిన తీరు ఒక్కటే. బడి పిల్లల ప్లాస్టిక్ స్కేలును పడుకోబెట్టి వంచితే విల్లులా తిరుగుతుంది, అంచు మీద నిలబెట్టి అదమబోతే ససేమిరా అంటుంది. ఇదీ అదే.

దీని వెనుక సూత్రం చిన్నదే అయినా ఛాసిస్ విషయంలో తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ శాసిస్తుంది. పలక వంగుబాటును ఎదిరించే శక్తి, వంగే దిశలో దాని కొలత ఘనాన్ని బట్టి ఉంటుంది. దానికి అడ్డంగా ఉన్న కొలత ఎంత పెరిగితే అంతే పెరుగుతుంది. పరచిన రేకులో వంగే దిశ మందమే కాబట్టి మందం రెట్టింపైతే దృఢత్వం ఎనిమిది రెట్లు అవుతుంది. నిలబెట్టిన పలకలో వంగే దిశ ఎత్తు. అక్కడ మందం రెట్టింపు చేస్తే దక్కేది రెండు రెట్లే. ఎత్తును 25 నుంచి 32కు పెంచినా అంతే దక్కుతుంది, బరువు పెరిగేది మాత్రం 28 శాతమే. అందుకే రెండు నిలువు పలకల మధ్య గేర్‌బాక్స్‌ను ఇరికించే ఛాసిస్‌లో మందం గురించి జరిగే వాదన, పరచిన పలక మీద అన్నీ బిగించే ఛాసిస్‌లో జరిగే వాదన రెండూ ఒకటి కావు. ఒకదానికి సరిపడిన అంకెను రెండోదానికి అరువు తెచ్చుకుంటే చిక్కే.

దెబ్బ పక్క నుంచి వస్తుంది

నిలువు పలకకు కిందికి లాగే బరువు లెక్కలోకి రాదని తేలింది. మరి ఇంట్లో కట్టిన క్రాలర్ల పట్టెలు ఎందుకు వంకర పోతాయి? క్రాలర్ ఆటంతా బోల్తా పడటంలోనే ఉంది కాబట్టి. వాలు మీద పక్కకు పల్టీ కొట్టి, రాతి మూల సరిగ్గా పట్టె మధ్యలో తగిలినప్పుడు పలక తన బలహీనమైన దిశలో దెబ్బ తింటుంది. నిలబెట్టిన పలక అప్పుడు పరచిన రేకుతో సమానం.

ఇక్కడ తేల్చాల్సింది పట్టె మొత్తం పొడవు కాదు, రెండు అడ్డపట్టెల మధ్య ఆధారం లేకుండా ఉన్న దూరం. ఆ దూరం 100 మి.మీ. అనీ, దెబ్బ 100 న్యూటన్లనీ అనుకుంటే 25 మి.మీ. ఎత్తున్న పలకలో 3 మి.మీ. మందానికి ఒత్తిడి 67 మెగాపాస్కల్స్, 2 మి.మీ.కు 150, 1.5 మి.మీ.కు 267. అంటే 5052 రేకులో 2 మి.మీ. గట్టెక్కుతుంది, 1.5 మి.మీ. వంగిపోతుంది. అదే 2 మి.మీ. పలకకు ఆధారాల మధ్య దూరం 200 అయితే ఒత్తిడి 300కు చేరుతుంది, దానికీ అదే గతి పడుతుంది.

ఇందులో చాలామంది గమనించని లాభం ఒకటుంది. పక్కకు వంగే దూరం పొడవు ఘనంతో పెరుగుతుంది, మందం ఘనంతో తగ్గుతుంది. కాబట్టి ఆధారం లేని పొడవును సగం చేయడమూ, మందాన్ని రెట్టింపు చేయడమూ పక్కవంపు విషయంలో ఒకటే. పొడవు సగం కావడానికి కావాల్సింది రెండు పట్టెల మధ్య ఒక అల్యూమినియం స్పేసరు (రెండింటినీ ఎడంగా నిలిపే చిన్న కడ్డీ), రెండు స్క్రూలు. బరువు కొన్ని గ్రాములు. మందం రెట్టింపు చేయాలంటే పట్టె బరువంతా రెట్టింపు. బ్యాటరీ పళ్లెం, స్టీరింగు తిప్పే సర్వో మోటారు బిగింపు, బంపరు మూలం వంటివి ఎలాగూ ఉండాల్సినవే. వాటిని పట్టెలను కలిపే అడ్డపట్టెలుగా కూడా వాడుకుంటే ఈ లాభం ఉచితం. పట్టె మీద వేలాడదీసిన బ్యాటరీ పళ్లెం మోత బరువే తప్ప దేనికీ కొరగాదు.

అంచు మడవడం ఇంకా మేలు. 25 మి.మీ. ఎత్తున్న 1.5 మి.మీ. రేకుకు పైనా కిందా 8 మి.మీ. అంచు మడిచి సి-ఆకారం చేస్తే బరువు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది, పక్కవంపును ఎదిరించే దృఢత్వం మాత్రం 40 రెట్లు పెరుగుతుంది. మడత లేని 3 మి.మీ. బద్ద కంటే ఇది తేలిక, దానికంటే ఐదు రెట్లు దృఢం. ట్రాక్సాస్ టీఆర్‌ఎక్స్-4, ఏక్సియల్ ఎస్‌సీఎక్స్10-2 వంటి కంపెనీ బండ్లలో మడిచిన ఉక్కు పట్టెలు కనిపించేది అసలు వాహనాన్ని పోలి ఉండటానికి మాత్రమే కాదు. పలచటి రేకుతో పని జరిపించే దారి అదే.

అయితే మడత అన్ని లోహాలకూ ఒప్పదు. 5052-హెచ్32 రేకు తన మందమంత లోపలి వంపుతో హాయిగా మడుచుకుంటుంది. 6061-టి6కు మందానికి మూడింతలో, ఇంకా ఎక్కువో వంపు ఇవ్వకపోతే బయటి అంచున పగుళ్లు వస్తాయి. 7075-టి6ను ఇంట్లో వైస్‌లో బిగించి మడవాలని చూడటం వృథా ప్రయాస, విరుగుతుంది. కాబట్టి మడిచే ఛాసిస్‌కు 'బలహీనమైన' 5052 సరైన ఎంపిక. కోసి బిగించే నిలువు పలకలకు 6061 గానీ 7075 గానీ. బలం అంకె పెద్దదని 7075 కొనేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ మూడు మిశ్రలోహాల దృఢత్వం దాదాపు ఒకటే, 70 గిగాపాస్కల్స్ చుట్టుపక్కలే. 7075 శాశ్వతంగా వంగడానికి ఎక్కువ మొరాయిస్తుంది గానీ అదే భారానికి అంతే దూరం ఊగుతుంది. ఛాసిస్ ఊగుతోందని మిశ్రలోహం మార్చితే ప్రయోజనం సున్నా.

బరువు తగ్గించడానికి కొట్టే బెజ్జాల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 25 మి.మీ. పట్టె మధ్యలో 12 మి.మీ. బెజ్జం కొడితే నిలువు దిశలో దృఢత్వం 11 శాతమే పోతుంది, ఎందుకంటే నడిమి లోహం అక్కడ పెద్దగా పని చేయదు. ఈ లెక్క చూసే బెజ్జాలు ఉచితమని చాలామంది తీర్మానించేస్తారు. పక్క దెబ్బకు మాత్రం ఆ బెజ్జం దగ్గర మిగిలిన వెడల్పు 13 మి.మీ. మాత్రమే, బలం సగానికి పడిపోతుంది. బెజ్జాలు కొట్టాలంటే అడ్డపట్టెలకు దగ్గరగా కొట్టాలి, రెండు ఆధారాల నడిమధ్యన కాదు. అందం కోసమైతే అది వేరే సంగతి. దాన్ని బరువు తగ్గింపు పేరుతో సమర్థించుకోనవసరం లేదు.

మెలి

పరచిన పలక ఛాసిస్‌కు అసలు పరీక్ష వంపు కాదు, మెలి. ఒక ముందు చక్రం బండరాయి ఎక్కి, అదే ఇరుసు రెండో కొన గాలిలో వేలాడుతున్నప్పుడు ఛాసిస్ రెండు కొసలూ వ్యతిరేక దిశల్లో తిరగాలని చూస్తాయి. క్రాలర్‌కు ఇది అరుదైన ప్రమాదం కాదు, నిత్యకృత్యం.

ఆ మెలితిప్పే బలానికి ఒక హద్దుంది. ముందు ఇరుసు మీది 15 న్యూటన్ల బరువంతా ఒకే చక్రం మోస్తున్నా, మధ్య గీత నుంచి చక్రం దూరం 100 మి.మీ. అయితే మెలి 1.5 న్యూటన్ మీటర్లు దాటదు. 60 మి.మీ. వెడల్పు, 250 మి.మీ. పొడవున్న 2 మి.మీ. అల్యూమినియం పలక దానికి 5 డిగ్రీలు తిరుగుతుంది. వినడానికి కొంచెమే అనిపిస్తుంది గానీ చక్రాల మధ్య 200 మి.మీ. వెడల్పున అది 18 మి.మీ. తేడా. 3 మి.మీ. పలకలో అదే తేడా 5 మి.మీ. చిల్లరకు తగ్గుతుంది. మెలిలోనూ మందం ఘనం లెక్కే నడుస్తుంది కాబట్టి, పరచిన పలక ఛాసిస్‌లో 2కీ 3కీ ఉన్న తేడా చేతికి తెలిసేంత పెద్దది. 3 మి.మీ. సలహాకు నిజమైన బలం ఇక్కడుంది.

క్రాలర్ అన్నాక నలువైపులా తిరగాలి కదా, ఛాసిస్ మెలి తిరిగితే ఇంకా మంచిదే కదా అనే వాదన తరచూ వినిపిస్తుంది. చక్రాలు ఎగుడుదిగుళ్లను అందుకోవాల్సింది షాక్ అబ్జార్బర్లతో. అవి నూనె పోసి, స్ప్రింగులు మార్చి మనకు కావాల్సినట్టు సరిచేసుకోగలిగినవి. ఛాసిస్ మెలి అలా కాదు. అది అదుపు లేని స్ప్రింగు, అందులో ఊపును అణిచేది ఏదీ ఉండదు. చక్రం రాయి మీద నుంచి జారగానే పోగైన మెలి ఒక్కసారిగా విడుదలై బండిని ఎదుటి వైపుకు తోస్తుంది. నిటారు వాలు మీద బోల్తాకు ఆ తోపు చాలు. దీనికి తోడు గేర్‌బాక్స్ నుంచి ఇరుసులకు పోయే షాఫ్టుల వరస తప్పడం, బిగించిన స్క్రూలు వదులు కావడం. కాస్తో కూస్తో మెలి వల్ల కొంపలు మునిగిపోవు గానీ, దాన్ని కావాలని పెంచుకోవాల్సిన పని లేదు.

మందం పెంచకుండానే మెలిని కట్టడి చేసే మార్గం పెట్టె కట్టడం. రెండు పక్కపట్టెలు, కింద అడుగుపలక, పైన ఇంకో పలక కలిపి నాలుగు వైపులా మూసిన పెట్టెలా బిగిస్తే, అదే 2 మి.మీ. రేకుతో మెలిని ఎదిరించే శక్తి కాగితం మీద 600 రెట్లు దాటుతుంది. ఎక్కడా విరామం లేకుండా అతికించినప్పటి లెక్క అది. బెజ్జాలూ, స్క్రూల దగ్గరి సడలింపూ పోగా అందులో చిన్న వాటా దక్కినా పరచిన పలకను ఎంతో దూరం వెనక్కి నెట్టేస్తుంది. అడ్డపట్టెలకు కూడా ఇదే వర్తిస్తుంది. 10 మి.మీ. వెలుపలి వ్యాసం, 1 మి.మీ. గోడ ఉన్న గొట్టం, నిలువునా చీల్చిన అదే గొట్టం కంటే మెలికి 60 రెట్లు గట్టిది. చీలిక వల్ల పోయిన లోహం ఏమీ లేదు. ఆకారం మూసి ఉండటం, తెరిచి ఉండటం అంత తేడా తెస్తాయి. అడ్డపట్టెగా రేకు ముక్క వంచి పెట్టడం కంటే గుండ్రటి గొట్టమో, స్పేసరో పెట్టడం అన్ని విధాలా లాభం.

స్క్రూ అడిగే మందం

పట్టెలు నిలువుగా ఉండి, అడ్డపట్టెలు దగ్గరగా ఉండి, పెట్టె కూడా కుదిరితే 1.5 మి.మీ. అల్యూమినియం సరిపోతుందని లెక్క చెబుతుంది. బల్ల మీద బిగించడానికి కూర్చుంటే మాత్రం కుదరదంటుంది. కారణం స్క్రూలు.

1/10 క్రాలర్లలో దాదాపు అన్నీ ఎం3 (3 మి.మీ. వ్యాసం) స్క్రూలే. వాటి మరచుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు. 1.5 మి.మీ. రేకులో ట్యాపు కొడితే, అంటే బెజ్జం లోపల మర కోస్తే, దక్కేది మూడు చుట్లు, 2 మి.మీ.లో నాలుగు, 3 మి.మీ.లో ఆరు. ఉక్కులో స్క్రూ వ్యాసమంత లోతు పట్టు ఉంటే సరిపోతుంది. మెత్తని అల్యూమినియంలో దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలన్నది యంత్రశాలల్లో పాటించే లెక్క. అంటే ఎం3కి 4.5 నుంచి 6 మి.మీ. ఆ లెక్కన 3 మి.మీ. పలకలో కొట్టిన మర కూడా తరచూ విప్పి బిగించే చోట అరిగిపోయేదే. దీనికి మందం పెంచుకుంటూ పోవడం తెలివైన పని కాదు. పలక అవతల నైలాక్ నట్టు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు) వేయడమో, మర ఉన్న స్పేసరులోకి బిగించడమో చేస్తే 2 మి.మీ. పలక చాలు. మరలు పలకలోనే కొట్టాలని పట్టుబడితేనే 3 మి.మీ., ఆపైన.

స్క్రూ తల లోపలికి దిగి సమంగా ఉండాలనుకుంటే మరో హద్దు అడ్డొస్తుంది. ఎం3 కౌంటర్‌సంక్ స్క్రూ తల లోతు 1.7 మి.మీ. 1.5 మి.మీ. రేకులో అది ఇమడనే ఇమడదు, బెజ్జం కత్తి అంచులా మిగులుతుంది. 2 మి.మీ.లో ఇముడుతుంది గానీ తల కింద మిగిలే లోహం కాగితమంత. 3 మి.మీ.లో నిశ్చింత. అడుగుపలక రాళ్ల మీద ఈడ్చుకుంటూ పోతుంది, బయటికి పొడుచుకొచ్చిన స్క్రూ తల రాతికి తట్టుకుంటుంది. కాబట్టి అడుగుపలకకు 3 మి.మీ. అల్యూమినియం గానీ, అంతకు రెట్టింపు మందం ప్లాస్టిక్ గానీ వాడటానికి ఈ ఒక్క కారణం చాలు. పక్కపట్టెలకు ఆ బెడద లేదు, గుండు తల స్క్రూలతో సరిపెట్టుకోవచ్చు. పలక అంచులోకే అడ్డంగా బెజ్జం వేసి మర కొట్టాలనుకునేవారికి మాత్రం 6 మి.మీ. కంటే తక్కువ పనికిరాదు. ఇంటి డ్రిల్లుతో ఆ బెజ్జం తిన్నగా వేయడం కూడా అంత తేలిక కాదు. ఎల్-ఆకారపు చిన్న ముక్కతో కలపడం మేలు.

ఇరుసును ఛాసిస్‌కు కలిపే కడ్డీలు, అంటే లింకులు బిగించే చోటు ప్రత్యేకం. కింది లింకు ఇరుసు ఎత్తులో, పై లింకు దానికి 25 మి.మీ. పైన, టైరు వ్యాసార్ధం 60 మి.మీ. అనుకుంటే, టైరు నేలను ఎంత బలంతో నెడుతోందో దానికి మూడు రెట్లకు పైగా బలం కింది లింకుల మీద పడుతుంది, ఇరుసు తిరగబడకుండా ఆపాల్సింది ఈ లింకులే కాబట్టి. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని మోటారు మొరాయించినప్పుడు ఆ బలం ఇంకా పెరుగుతుంది. పలచటి రేకులోని బెజ్జం ఆ రాపిడికి మెల్లమెల్లగా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అలాగని మొత్తం పట్టెను దళసరి చేయనక్కర్లేదు. లింకు బెజ్జం దగ్గర మాత్రం ఇంకో 2 మి.మీ. ముక్క జోడించి రెండింటినీ కలిపి డ్రిల్ చేస్తే చాలు. బెజ్జం నడుమ నుంచి పలక అంచుకు కనీసం బెజ్జం వ్యాసానికి రెండింతల దూరం వదిలితే చిరిగిపోయే భయం ఉండదు.

బరువు, ఎత్తు

300 మి.మీ. పొడవు, 25 మి.మీ. ఎత్తు, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టెల జత 122 గ్రాములు. 2 మి.మీ. అయితే 81. తేడా 41 గ్రాములు. 3 కిలోల బండిలో ఇది లెక్కలోది కాదనిపిస్తుంది, నిజానికి చాలా బండ్లలో కాదు కూడా. ఇరుసుల మీద ఇత్తడి ముక్కలు, చక్రాల్లో తూకపు బిళ్లలు కావాలని పెట్టుకునే ఆటలో పట్టె దగ్గర గ్రాములు లెక్కపెట్టడం వింతగానే ఉంటుంది. చూడాల్సింది బరువు ఎంతని కాదు, ఏ ఎత్తులో ఉందని. ఛాసిస్‌లో అన్నిటికంటే కింద ఉండే అడుగుపలక మందమైతే అది బండిని నేలకు అదిమిపెట్టే బరువు, ఉండనివ్వవచ్చు. షాక్‌లు బిగించే పై కొసలు, బాడీ నిలబెట్టే కాళ్లు మాత్రం ఎంత పలచగా ఉంటే అంత మంచిది. ఒకే బండిలో మూడు రకాల మందాలు వాడటంలో తప్పేమీ లేదు. ఒకే పెద్ద పలక కొని అన్ని ముక్కలూ అందులోనే కోసుకోవడం సౌకర్యమే తప్ప నియమం కాదు.

అల్యూమినియం కాకపోతే

ఉక్కు దృఢత్వం అల్యూమినియానికి దాదాపు మూడింతలు, బరువు కూడా దాదాపు మూడింతలే. కాబట్టి సమాన బరువుకు ఉక్కు రేకు పలచనవుతుంది, పలచటి రేకు పక్కకు తేలిగ్గా వంగుతుంది. దాన్ని బద్దగా వాడటం దండగ, మడిచి వాడితేనే రాణిస్తుంది. 1 నుంచి 1.5 మి.మీ. మెత్తని ఉక్కు రేకు, మడిచిన అంచులతో, 1/10 బండికి పుష్కలం. దానికి వెల్డింగు చేయవచ్చు, ట్యాపు కొట్టిన మర కూడా నిలుస్తుంది. కొనేటప్పుడు రేకు మందాన్ని సూచించే గేజి అంకెతో జాగ్రత్త. అమెరికా లెక్కలో 16 గేజి అంటే ఉక్కు రేకులో 1.52 మి.మీ., అల్యూమినియం రేకులో 1.29 మి.మీ. అంకె ఒకటే అయినా పరచిన రేకు దృఢత్వంలో ఈ మందం తేడా ఒక్కటే 40 శాతం దాకా తినేస్తుంది. నకలు తీస్తున్న డ్రాయింగులో గేజి కనిపిస్తే ముందు దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చుకోవాలి.

ప్లాస్టిక్‌లు తేలికన్న పేరుతో చేరతాయి, కానీ ఆ తేలిక చాలావరకు భ్రమ. పాలీకార్బనేట్ దృఢత్వం అల్యూమినియంలో ముప్ఫయ్యో వంతు. పరచిన 2 మి.మీ. అల్యూమినియం పలకతో సమానంగా బిగువుగా ఉండాలంటే పాలీకార్బనేట్ 6 మి.మీ.కు పైగా ఉండాలి. అప్పుడు బరువు అల్యూమినియం కంటే మూడో వంతుకు పైగా ఎక్కువే తూగుతుంది. డెల్రిన్ అనే గట్టి, నున్నటి ప్లాస్టిక్ కథ కూడా ఇంచుమించు ఇదే, సాంద్రత ఎక్కువ కాబట్టి ఇంకాస్త బరువు. వీటి గొప్ప వేరు: దెబ్బ తగిలితే వంగి మళ్లీ యథాస్థితికి వస్తాయి, సొట్ట పడవు. డెల్రిన్, హెచ్‌డీపీఈ రాతి మీద లోహంలా పట్టుకోకుండా జారతాయి. అందుకే అడుగుపలకకు 6 మి.మీ. డెల్రిన్ మంచి ఎంపిక, పక్కపట్టెలకు కాదు. పాలీకార్బనేట్ వాడేవారు స్క్రూలు వదులు కాకుండా పోసే జిగురు ద్రవాన్ని దాని దరిదాపులకు రానివ్వకూడదు. ఒత్తిడిలో ఉన్న బెజ్జం చుట్టూ సాలెగూడులాంటి పగుళ్లు తెచ్చి, మందం ఎంతున్నా విరగ్గొడుతుంది. నైలాక్ నట్టు వేస్తే ఆ గొడవే ఉండదు. అక్రిలిక్ చూడటానికి పాలీకార్బనేట్‌లాగే ఉంటుంది గానీ పెళుసు, ఎంత మందమైనా ఛాసిస్‌కు పనికిరాదు.

కార్బన్ ఫైబర్ 2.5, 3 మి.మీ. పలకలు అల్యూమినియంలో సుమారు అరవై శాతం బరువుతో దగ్గర దగ్గరగా దృఢత్వం ఇస్తాయి. రాళ్లకు అంచులు రాసుకుంటే పొరలు విడిపోవడం వాటి బలహీనత. కోసిన అంచులకు పలచటి సూపర్ గ్లూ పట్టిస్తే కొంత నయం. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, అంచులు వైర్ల తొడుగును కోసేస్తాయి. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకుని తడిపి కోయాలి. గాజునార జీ10 పలకకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

త్రీడీ ప్రింటరు ఉన్నవారికి మందం అంటే ముక్క మందం ఒక్కటే కాదు, గోడల సంఖ్య కూడా. 5, 6 మి.మీ. పట్టెలో గోడలు నాలుగైదు ఉంటే లోపలి నింపు తక్కువైనా నడుస్తుంది. రెండు గోడలు పెట్టి నింపు పెంచితే ప్లాస్టిక్ ఖర్చయినంతగా బలం రాదు, వంపును మోసేది బయటి పొరలే. పట్టెను పడుకోబెట్టి ముద్రించాలి. నిలువుగా ముద్రిస్తే పొరల మధ్య అతుకు దగ్గరే పుటుక్కున విరుగుతుంది. ఈ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి వేడెక్కే మోటారు బిగించే ముక్కకు అది తగదు.

కోయడం, స్కేలు మారడం

చేతి పనిముట్లు కూడా మందాన్ని నిర్ణయిస్తాయి. రంపం కోసే మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండాలి, లేకపోతే రేకు అంచు పళ్లలో తగులుకుని ఎగిరెగిరి పడుతుంది. అంగుళానికి 24 పళ్ల బ్లేడుకు అది సుమారు 3 మి.మీ., 32 పళ్ల బ్లేడుకు 2.4 మి.మీ. పలచటి రేకును చెక్కల మధ్య బిగించి చెక్కతో సహా కోస్తే ఇబ్బంది ఉండదు. రెండు పక్కపట్టెలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు చివరల స్క్రూలతో కలిపి, ఒకేసారి కోసి, ఒకేసారి ఆకురాయి పట్టి, ఒకేసారి డ్రిల్ చేయాలి. 1.5 మి.మీ. రేకులు రెండు కలిస్తే 3 మి.మీ. అవుతాయి కాబట్టి రంపం సమస్యా తీరుతుంది, రెండు పట్టెల బెజ్జాలూ అచ్చు గుద్దినట్టు కలుస్తాయి. ఇరుసు వంకర వచ్చిందని తలపట్టుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం మందం కాదు, విడివిడిగా డ్రిల్ చేసిన పట్టెలే.

వేరే స్కేలు బండికి ఈ అంకెలను నేరుగా గుణించి వాడకూడదు. 1/10 నుంచి 1/24కు దిగితే కొలతలు 2.4 రెట్లు తగ్గుతాయి, బరువు దాని ఘనంలో, అంటే దాదాపు 14 రెట్లు తగ్గుతుంది. 3 కిలోల బండి రెండు వందల గ్రాముల చిల్లరకు వస్తుంది. మందాన్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గించినా లోహంలో ఒత్తిడి 1/10 బండిలో కంటే 2.4 రెట్లు తక్కువే ఉంటుంది. అందుకే చిన్న బండ్లలో 1 మి.మీ. అల్యూమినియం కూడా బలానికి ఎక్కువే, అక్కడ మందాన్ని తేల్చేది పూర్తిగా ఎం2 స్క్రూ. దాని కౌంటర్‌సంక్ తల లోతు 1.2 మి.మీ. కాబట్టి 1.5 మి.మీ. రేకు దగ్గర ఆగవచ్చు. 1/6 వైపు పెరిగితే లెక్క తిరగబడుతుంది. బరువు నాలుగున్నర రెట్లకు పైగా పెరిగి, అదే నిష్పత్తిలో పెంచిన మందానికి కూడా ఒత్తిడి మూడింట రెండు వంతులు ఎక్కువవుతుంది. ఆ సైజులో 5 మి.మీ. బద్ద వెతుక్కోవడం కంటే 2 మి.మీ. ఉక్కును మడవడమో, చతురస్రపు గొట్టం తెచ్చుకోవడమో సులువు.